ముదిమి - మఱపు



శ్రీనగర్ కాలనీలో నాకొక పాతమిత్రుడు కలడు. ఆంధ్ర మహాభారతము అతని జిహ్వాగ్రమున నుండెడిది. ఇప్పుడతనికి నా పేరు తెలియదు. ఇంటివారు కొంతకాలము దానిని చాదస్తమనిరి. వైద్యులు ఆల్జీమర్స్ వ్యాధి యనిరి. ఈ రెండు మాటల నడుమ నూఱేండ్లకు మించిన చరిత్ర యున్నది.

1906లో జర్మను వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్, మరణించిన యొక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, నాడీకణముల వెలుపల ముద్దలను, లోపల చిక్కుపడిన పోగులను చూచెను. ఆమె 1901లో ఆసుపత్రి చేరునాటికి వయస్సు 51 ఏండ్లే. వృద్ధుల మఱపులోను తఱచుగా నిదే రోగము కలదని తెలియుటకు మఱి యర్ధశతాబ్దికి పైగా పట్టినది.

నాడీకణ మేల చెడును? ప్రతికణమునందును డి.ఎన్.ఏ. అను గ్రంథము కలదు. దాని నిర్మాణము 1953లో తెలిసినది. అందు నిత్యము గ్రంథపాతములు కలుగుచుండును. కొన్ని మాంసకృత్తులు పరిష్కర్తలవలె వానిని దిద్దుచుండును. నాడీకణములు సాధారణముగా విభజన చెందవు. కావున వానికి క్రొత్తప్రతి లేదు. ఉన్నప్రతిని దిద్దుకొనుటయే దిక్కు.

ఈ కాలనీకి పడమట, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమున కల్లూరి సుబ్బారావుగారు ఈ దిద్దుబాటునే పరిశోధించిరి. వారి బృందము 2005లో ప్రకటించిన దేమన, ముసలి యెలుకల నాడీకణసారములో ఖాళీలు పూరించు శక్తి తగ్గియుండెను. పాలిమరేజ్ బీటా, లైగేజ్ అను మాంసకృత్తులను చేర్చగా నా శక్తి మరల వచ్చెను. మొదటిది లోపించిన యక్షరములను పూరించును, రెండవది అతుకును. కొఱత పరిష్కర్తలయందే యున్నదన్నమాట.

సర్ట్-6 అను మఱియొక మాంసకృత్తు లేని యెలుకలు అకాలమున ముసలివగునని 2006లో తెలిసినది. డి.ఎన్.ఏ. మరమ్మతునకు తోడ్పడు నీ మాంసకృత్తు ఆల్జీమర్స్ రోగుల మెదళ్లలో తక్కువగా నున్నదని 2017లో ఇజ్రాయేలు పరిశోధకులు ప్రకటించిరి.

ఇవి యింకను మందులు కాలేదు. నా మిత్రునకు వీనివలన నేడు మేలు లేదు. అయినను, అతనిని కసరుట మానుటకు ఈ పాటి తెలివిడి చాలును. ఇంటివారును మానిరి.

నిన్న నేను సగము పద్యము చదివితిని. మిగిలిన సగము అతడు తప్పులేకుండ చదివెను. పిదప నావంక చూచి, "తమరెవరండీ?" అని యడిగెను. చెప్పితిని. రేపును చెప్పెదను.