పనిలేనివారి లెక్క

నల్లమల కొండల చెంతనున్న అహోబిలము వంటి మెట్టప్రాంతములో వ్యవసాయ కూలికి ఏడాది పొడవునా పని దొరకదు. వాన పడిన విత్తు, తరువాత కలుపు, కోత, ఆపైన ఖాళీ. ఫాల్గుణమాసమున బ్రహ్మోత్సవములకు జనము చేరినపుడు కొందరికి నాలుగునాళ్ళ పని. అట్టివానిని "నీకు పని ఉన్నదా, లేదా?" అని అడిగినచో ఏమని చెప్పగలడు?

ఈ చిక్కు మన గణాంకశాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే ఏర్పడినది. నిరుద్యోగమును ఒకే అంకెలో చెప్పుట మన దేశమునకు తగదని 1970లో దంత్వాలా సంఘము తెలిపినది. ఆ మీదట 1972-73 సర్వేలో మూడు కొలతలు వచ్చినవి: గడచిన ఏడాది, గడచిన వారము, ఆ వారములోని ఒక్కొక్క దినము. నాలుగు గంటలు పనిచేసిన అది పూర్తిదినము. అంతకు తక్కువైనను గంటకు తగ్గనిచో అరదినము. వారము మొత్తములో ఒక్క గంట పని దొరికినవాడు వారపు లెక్కలో పనిగలవాడే. దినపు లెక్కలో మాత్రము, పనికి సిద్ధముగా ఉండియు దొరకనిచో, ఆరున్నర దినములు పనిలేనివాడు.

అయినను ఒక లోపము మిగిలినది. నూరుగురిలో పదిమందికి పని లేదనుకొందము. మరుసటి నెలలో నలుగురికి పని దొరికి, వేరొక నలుగురికి పోయినచో, లెక్క మరల పదియే. ఎవరూ కదలకున్నను పదియే. ఒకచోట కష్టము పలువురికి పంచబడినది. మరొకచోట అదే పదిమందిని పట్టుకొని వదలలేదు. అంకె ఒకటే, చికిత్స వేరు. అదే గడపకు మరల వెళ్ళి అడిగిననే ఈ భేదము తెలియును.

తెలుగునాట అట్టి ప్రయత్నము 1975లో ఆరంభమైనది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ మెట్టప్రాంతములలో ఆరు గ్రామములను ఎన్నుకొన్నది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని డోకూరు అందులో ఒకటి. ఊరికి నలుబది కుటుంబములు: ముప్పది సేద్యగాండ్రవి, పది కూలీలవి. పరిశోధకులు ఊళ్ళోనే కాపురముండి, కొన్ని వారములకొకసారి అవే కుటుంబములను ప్రశ్నించిరి.

దేశమంతటికీ ఈ పద్ధతి ఆలస్యముగా వచ్చినది. 2017 ఏప్రిలులో మొదలైన శ్రామికశక్తి సర్వేలో పట్టణపు ఇంటికి నాలుగు పర్యాయములు పోయెడివారు. పల్లె ఇంటికి ఒక్కసారే. 2025 జనవరి నుండి పల్లెలలోను ఒకే ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్ళుచున్నారు.

ఒక్క జాగ్రత్త అవసరము. కర్నూలు సీమ కూలీలు పని లేని కాలమున గుంటూరు మిరపచేలకో, బెంగుళూరుకో వలసపోవుదురు. రెండవసారి వెళ్ళినపుడు ఆ గడపకు తాళము ఉండును. పనికై కదలినవారే లెక్కనుండి జారిపోయినచో, కదలికను కొలిచితిమని చెప్పజాలము.