శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం: ఇందుకూరుపేట నుంచి కుటుంబ యాత్ర, బస

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు సముద్రతీరం కుటుంబసమేతంగా ఒక పూట గడపడానికి అనువైన ప్రదేశం. అయితే అడవిని, వన్యప్రాణులను పిల్లలకు చూపదలచిన కుటుంబాలు రెండు మూడు రోజుల యాత్రను ముందుగానే రూపొందించుకోవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వేంకటేశ్వర, పాపికొండలు, రాజీవ్ గాంధీ (రామేశ్వరం) అనే మూడు జాతీయ ఉద్యానవనాలు కలవు. వీటిలో శేషాచల పర్వతశ్రేణులలో 353 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో ఏర్పాటైంది. ఎర్రచందనం వృక్షాలకు, దేవాంగ పిల్లికి, బంగారు బల్లికి ఈ అడవులు నిలయం. 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ పరిరక్షణ కేంద్రంలో ఇది అంతర్భాగం. సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి జాలువారే తలకోన జలపాతం, దాని చెంతనే ఉన్న సిద్ధేశ్వరస్వామి ఆలయం పర్యాటకులను విశేషంగా ఆకర్షిస్తున్నాయి.

మార్గం:

ఇందుకూరుపేట నుంచి నెల్లూరు చేరి, జాతీయ రహదారిపై గూడూరు మీదుగా నాయుడుపేట చేరాలి. అక్కడి నుంచి శ్రీకాళహస్తి, రేణిగుంటల మీదుగా తిరుపతి వెళ్లవచ్చు. నెల్లూరు నుంచి తిరుపతికి సుమారు 130 కిలోమీటర్లు, తిరుపతి నుంచి తలకోనకు సుమారు 60 కిలోమీటర్ల దూరం ఉంటుంది.

నాయుడుపేట నుంచి తిరుపతి వైపు మళ్లక సూళ్లూరుపేట దిశగా సాగితే దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం వస్తుంది. 1976లో ఏర్పాటైన ఈ కేంద్రం సుమారు 459 హెక్టార్లలో నెలకొని ఉన్నది. ఇక్కడి చెరువులోని కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టి పిల్లలను పొదుగుతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైర్లకు ఎరువై మేలు చేస్తుందని ఎరిగిన పరిసర గ్రామాల రైతులు వాటిని ఆదరిస్తున్నారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో పులికాట్ సరస్సున ఫ్లెమింగోలను చూడవచ్చు. నేలపట్టు, సూళ్లూరుపేట ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో నూతన తిరుపతి జిల్లాలో చేరాయి.

అనువైన కాలం:

ఈశాన్య రుతుపవనాల వర్షాలతో చెరువులు నిండితేనే పక్షులు గూళ్లు కడతాయి. జలపాతానికీ నిండుదనం వస్తుంది. అయితే అవే నెలలు తీరప్రాంతానికి తుపానుల కాలం. 2021 నవంబరు వరదలలో నెల్లూరు సమీపాన పడుగుపాడు వద్ద రైలు మార్గం, జాతీయ రహదారి దెబ్బతిని రాకపోకలు స్తంభించాయి. అందువలన చిన్నపిల్లలు గల కుటుంబాలు వాతావరణ సూచనలను గమనించి, డిసెంబరు ద్వితీయార్ధం నుంచి జనవరి మాసాంతం వరకు యాత్ర పెట్టుకొనుట శ్రేయస్కరం. సంక్రాంతి సెలవులు ఇందుకు కలిసివస్తాయి. ఫ్లెమింగో పండుగ రోజులలో మాత్రం సూళ్లూరుపేటలో రద్దీ అధికం. 2025లో ఈ పండుగ జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది.

బస ఎంపిక:

పక్షులను తొలి సంధ్యలో చూడదలచినవారు మొదటి రాత్రి సూళ్లూరుపేటలో ఉండుట మేలు. అక్కడి నుంచి నేలపట్టు సుమారు 20 కిలోమీటర్లే. వృద్ధులు, పసిబిడ్డలు వెంట ఉన్నవారికి రెండవ రాత్రి తిరుపతి అనుకూలం. వైద్య సదుపాయం, భోజన వసతి, రైలు సౌకర్యం అక్కడ చేరువలో లభిస్తాయి. అయితే వైకుంఠ ఏకాదశి సాధారణంగా డిసెంబరు, జనవరి నెలలలోనే వస్తుంది కనుక ఆ దినాలలో గదులు దొరకుట దుర్లభం. అడవి నిశ్శబ్దాన్ని, వేకువ పక్షుల కూతలను కోరేవారు తలకోనలోని వసతి గృహాలను ఎంచుకోవచ్చు. అక్కడ గదులు పరిమితం. గది ఖాయమైన తరువాతే బయలుదేరాలి. తలకోనలో బస చేసేవారు మందులు, చేతిదీపం, పిల్లలకు కావలసిన తినుబండారాలు వెంట తెచ్చుకోవాలి.

జాగ్రత్తలు:

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపుట కూడా నిషిద్ధం. అనుమతించిన మార్గాలను దాటి లోనికి వెళ్లరాదు. నిప్పు రాజేయుట, ప్లాస్టిక్ పారవేయుట తగదు. జలపాతం దిగువన పాచిపట్టిన బండలు జారుతాయి. మడుగుల లోతు పైకి తెలియదు. పిల్లలను నీటిలోకి ఒంటరిగా దింపరాదు. నేలపట్టులో పెద్దగా అరచినా, టపాసులు పేల్చినా తల్లిపక్షులు గూళ్లు వదిలి లేచిపోతాయి. అప్పుడు గుడ్లు, కూనలు కాకులకు, గద్దలకు ఆహారమవుతాయి.

ప్రవేశ వేళలు, రుసుములు, గదుల వివరాలను అటవీ శాఖ, పర్యాటక శాఖ కార్యాలయాలలో ముందుగా విచారించుకొన్నట్లయితే యాత్ర కుటుంబమంతటికీ ఆహ్లాదకరంగా, సురక్షితంగా సాగగలదు.