తుపానుకు పేరుపెట్టినాయన ఎక్కిన కొండ

హుద్‌హుద్, తిత్లీ అంటూ మన తీరానికి తుపానులు పేరుతో సహా వస్తాయి. ఇలా వాటికి వరసగా పేర్లు పెట్టడం మొదలెట్టినాయన క్లెమెంట్ ర్యాగ్. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వాతావరణాధికారి. తనకు గిట్టని రాజకీయ నాయకుల పేర్లు కూడా తుపానులకు తగిలించిన ఘనుడు. అంతకుముందు ఆయన చేసిన పని ఇంకా వింత: 1881 వేసవి నుంచి రోజూ బెన్ నెవిస్ కొండ ఎక్కి దిగడం!

స్కాట్లాండ్‌లోని ఈ కొండ బ్రిటన్ మొత్తానికీ ఎత్తైనది, 1345 మీటర్లు. మన మన్యంలోని అర్మకొండే ఇంతకన్నా ఎత్తు. అయితే బెన్ నెవిస్ మీదికి నడక దాదాపు సముద్రమట్టం నుంచే మొదలవుతుంది. 1771లో జేమ్స్ రాబర్ట్‌సన్ మొక్కల కోసం ఎక్కాడు, 1818లో కీట్స్ కవి ఎక్కాడు. అదంతా అలా ఉంచి ర్యాగ్ దగ్గరికే వద్దాం.

ఆయన తెల్లవారుజామునే బయల్దేరి, వానలో తడుస్తూ శిఖరం మీద పీడనం, ఉష్ణోగ్రత రాసుకునేవాడు. కింద ఫోర్ట్ విలియంలో ఆయన భార్య అదే వేళకు కొలతలు తీసేది. ఆ పట్టుదల చూసి జనం చందాలిచ్చారు. 1883లో గుర్రాలు నడిచే బాట, శిఖరం మీద వాతావరణ కేంద్రం వచ్చాయి. దాని అధికారి పదవి మాత్రం ర్యాగ్‌కు దక్కలేదు. ఇదేం న్యాయం?

ఆ కేంద్రంలో సుమారు ఇరవై ఏళ్లు గంటగంటకూ లెక్కలు రాశారు. 1894 సెప్టెంబరులో అక్కడ కొద్దివారాలు పనిచేసిన సి.టి.ఆర్. విల్సన్, మబ్బు మీద పడిన నీడల చుట్టూ రంగుల వలయాలు చూసి, వాటిని ప్రయోగశాలలో పుట్టించాలనుకున్నాడు. ఆ ప్రయత్నమే చివరికి అణుకణాల జాడ చూపే మేఘపేటిక అయింది. 1927లో నోబెల్ తెచ్చింది. అంతటి కేంద్రాన్ని 1904లో డబ్బుల్లేవని మూసేశారు. పిసినారితనానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. 1911లో అదే కొండ మీదికి ప్రచారం కోసం ఫోర్డ్ మోడల్ టి కారును ఎక్కించారు!

ఇప్పుడు ఆ కేంద్రం శిథిల గోడలే మిగిలాయి. గ్లెన్ నెవిస్ లోయ నుంచి ఎక్కువమంది ఎక్కేది ఆ పాత గుర్రపుబాటనే. రానూపోనూ 17 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. పక్క శిఖరం కార్న్ మోర్ డియర్గ్ మీదుగా వెళ్లే కత్తిఅంచు గట్టు అనుభవజ్ఞులకే. శిఖరం మీద దారికి పక్కనే నిలువు లోయలుంటాయి, పొగమంచు కమ్మితే అవి కనబడవు. వెళ్లేవాళ్లు ఫోన్‌నే నమ్ముకోకుండా కాగితపు మ్యాపు, దిక్సూచి పట్టుకెళ్లండి, వాటిని వాడటం ముందే నేర్చుకోండి.