మెడలో కట్టెముక్క: ఐరిష్ జబాన్ కథ

ఒక జబాన్‌ని ఎవరు చంపుతారు? హుకూమత్ అని మనం తొందరగా అనేస్తాం. ఐర్లాండ్ తారీఖ్ చదివాక నాకు ఆ జవాబు సరిపోవడం లేదు.

1831లో బ్రిటిష్ హుకూమత్ ఐర్లాండ్‌లో నేషనల్ స్కూళ్లు మొదలుపెట్టింది. తాలీమ్ అంతా ఇంగ్లీషులో. ఇంట్లో ఐరిష్ తప్ప మరో మాట వినని పిల్లలకూ అంతే. చాలాచోట్ల పిల్లల మెడలో ఒక కట్టెముక్క వేలాడదీసేవారు. నోట ఐరిష్ మాట వచ్చిన ప్రతిసారీ దాని మీద ఒక గాటు. తర్వాత గాట్లు లెక్కపెట్టి సజా. ఇళ్లల్లో ఆ గాట్లు పెట్టింది కన్నవాళ్లే. ఆ సంగతి దగ్గర నేను ఆగిపోయాను.

వాళ్లను జాలిమ్‌లు అనలేం. కచేరీ, నౌకరీ, తిజారత్ అన్నీ ఇంగ్లీషులోనే. కేథలిక్కుల హక్కుల కోసం పోరాడి 1829లో గెలిచిన డేనియల్ ఓకానెల్ మాదరీ జబాన్ ఐరిషే. ఆయన కూడా ఇంగ్లీషుతోనే ఫాయిదా ఎక్కువనీ, ఐరిష్ పోయినా తనకు రంజ్ లేదనీ అన్నాడు.

1845లో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టింది. ఆ తర్వాతి ఖహత్‌లో ఆకలికీ రోగాలకీ సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఇంకో 10 లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఎక్కువగా ఖాళీ అయినవి ఐరిష్ మాట్లాడే గరీబుల పల్లెలే. మిగిలిన వాలిదైన్‌కు ఒకటే ఫికర్: బిడ్డ రేపు అమెరికాలో బతకాలంటే ఇంగ్లీషు రావాలి. 1851లో సుమారు 15 లక్షలున్న ఐరిష్ మాట్లాడేవాళ్లు 1891కల్లా 7 లక్షల లోపుకు పడిపోయారు.

డగ్లస్ హైడ్ ప్రొటెస్టెంట్ పాదరీ కొడుకు. రాస్‌కామన్ పల్లెజనం దగ్గర ఐరిష్ నేర్చుకుని, 1893లో కొందరితో కలిసి గేలిక్ లీగ్ పెట్టాడు. 1937 రాజ్యాంగం ఐరిష్‌ని మొదటి అధికార భాష చేసింది. మరుసటి ఏడు హైడ్ ఆ దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు. బడుల్లో ఐరిష్ నేర్పుతూనే ఉన్నారు. అయినా 2022 లెక్కల ప్రకారం, చదువుల బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు సుమారు 72 వేల మందే.

ఇంగ్లీషు నేర్పడం ఆ అమ్మానాన్నల మజ్బూరీ. దానికోసం ఐరిష్ మాన్పించాల్సిన జరూరత్ మాత్రం లేదు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఈ మాట తజుర్బాతో తెలుసు. ఒకటి వస్తే ఇంకోటి పోనక్కర్లేదు. అమ్మీ ఉర్దూలో అడిగితే బిడ్డ ఇంగ్లీషులో జవాబిస్తున్నాడని మురిసిపోయే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. హుకూమత్ జబాన్‌కి కుర్సీ ఇవ్వగలదు. దస్తర్‌ఖాన్ దగ్గర చోటివ్వాల్సింది మనమే.