బిట్టులు, బైటులు, అంగుళములు: సమాచార వేగమును కొలిచిన చరిత్ర

పూర్వము మన పల్లెలలో ధాన్యమును కుంచములతోను, మానికలతోను కొలిచెడివారు. ఒక ప్రాంతపు కుంచము మరియొక ప్రాంతపు కుంచముతో సరిపోయెడిది కాదు. కావుననే 1956లో చట్టము చేసి, 1958 నుండి దేశమందు మెట్రిక్ కొలతలను క్రమక్రమముగా ప్రవేశపెట్టిరి. కంప్యూటర్ల చరిత్రలో కూడ ఇట్టి కుంచముల చిక్కు ఒకటి కలదు. టేపులమీదను, డిస్కులమీదను ఉన్న సమాచారము ఎంత వేగముగా యంత్రములోనికి పోవునో చెప్పుటకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క కొలతను వాడిరి. “బిట్టులను ఎనిమిదితో భాగించిన బైటులు వచ్చును” అని మనము తరగతిలో చెప్పుదుము. ఈ సూత్రము అన్నిచోట్ల చెల్లునా? పాత యంత్రముల లెక్కలు చూచిన చెల్లదని తేలును.

1952లో ఐ.బి.యం. సంస్థ తన 701 కంప్యూటరుతోపాటు 726 అను టేపు యంత్రమును వెలువరించెను. దాని టేపు సెకండునకు 75 అంగుళములు కదలెడిది. అంగుళమునకు 100 అక్షరములు పట్టెడివి. అనగా వేగము సెకండునకు 7,500 అక్షరములు. అయితే ఆ అక్షరమునకు నేటి బైటువలె ఎనిమిది బిట్టులు లేవు. టేపు వెడల్పున ఏడు జాడలుండెను. ఆరు జాడలలో సమాచారము, ఏడవదానిలో తప్పును పట్టుకొనుటకై ఒక సరిచూపు బిట్టు. కావున 7,500ను ఆరుతో హెచ్చించి ఎనిమిదితో భాగింపవలెను. సెకండునకు 5,625 బైటులని వచ్చును. అక్షరమన్నను బైటన్నను ఒకటేయని తలచినవాడు వేగమును మూడవవంతు ఎక్కువగా లెక్కించినవాడగును.

‘బైటు’ అను మాటను 1956లో ఐ.బి.యం.లో పనిచేయుచుండిన వెర్నర్ బుక్‌హోల్జ్ కల్పించెను. మొదట దానికి ఎనిమిది బిట్టులే ఉండవలెనను నియమము లేదు. 1964లో వెలువడిన సిస్టమ్/360 యంత్రములతో ఎనిమిది బిట్టుల బైటు స్థిరపడసాగెను. వాటి టేపునకు తొమ్మిది జాడలు: ఎనిమిది సమాచారమునకు, ఒకటి సరిచూపునకు.

ఇక్కడనే విద్యార్థులు పొరబడుదురు. ఆ టేపు సాంద్రతను “అంగుళమునకు 800 బిట్టులు” అని వ్రాసెడివారు. ఒక నమూనా యంత్రములో టేపు సెకండునకు 112.5 అంగుళములు పోయెడిది. రెంటిని హెచ్చించిన 90,000 వచ్చును. దీనిని ఎనిమిదితో భాగింపవలెనా? కూడదు. 800 బిట్టులనునది ఒక్కొక్క జాడకు చెప్పిన లెక్క. జాడలన్నియు ప్రక్కప్రక్కనే ఒకేసారి చదువబడును గనుక అంగుళమునకు 800 బైటులే ఉన్నవి. వేగము సెకండునకు 90,000 బైటులు.

ఆ వేగమైనను ఎడతెగక లభింపదు. టేపుమీద ఒక్కొక్క సమాచార ఖండమునకు నడుమ 0.6 అంగుళము ఖాళీగా విడిచెడివారు. యంత్రము ఆగుటకును, తిరిగి బయలుదేరుటకును ఆ చోటు కావలెను. ఒక్కొక్క కార్డులోని 80 అక్షరములను ఒక్కొక్క ఖండముగా వ్రాసిరనుకొందము. 80 బైటులకు పట్టు చోటు 0.1 అంగుళము మాత్రమే. ఖాళీతో కలిపి 0.7 అంగుళము. అనగా టేపులో ఏడవవంతే ఉపయోగపడినది. యంత్రము నడుమ ఆగకపోయినను సగటు వేగము 90,000 నుండి సుమారు 12,857 బైటులకు దిగిపోవును. అందుచేతనే అనేక కార్డులను కలిపి ఒకే పెద్ద ఖండముగా వ్రాయు పద్ధతి వచ్చెను.

1980లో షుగార్ట్ టెక్నాలజీ అను సంస్థ (తరువాత సీగేట్) ఎస్.టి.-506 అను చిన్న డిస్కును తయారుచేసెను. ఇందులో బిట్టులు ఒకదాని వెనుక నొకటి ఒకే తీగమీద పోవును. వేగము సెకండునకు 50 లక్షల బిట్టులు. ఇచ్చట ఎనిమిదితో భాగించుట న్యాయమే: 6,25,000 బైటులు వచ్చును. కాని డిస్కు నిమిషమునకు 3,600 సార్లు, అనగా సెకండునకు 60 సార్లు తిరుగును. ఆనాటి పి.సి.లలో సాధారణముగా ఒక్కొక్క జాడకు 512 బైటుల ఖండములు 17 ఉండెడివి. 17, 512, 60 హెచ్చించిన 5,22,240 బైటులే. మిగిలినది చిరునామా గుర్తులకు, సరిచూపునకు, ఖాళీలకు చెల్లినది.

ఈ 5,22,240 బైటులను కిలోబైటులలో చెప్పుట యెట్లు? వేయితో భాగించిన 522.24, 1,024తో భాగించిన సరిగా 510. రెంటికిని ఒకే పేరు వాడుకలో నుండుటచే కలిగిన గందరగోళమును తొలగించుటకు 1998లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము 1,024 బైటులకు ‘కిబిబైటు’ అను వేరు పేరును నిర్ణయించెను.

2003లో సాటా అను పద్ధతిగల డిస్కులు అంగడికి వచ్చెను. వాని తొలి వేగము సెకండునకు 150 కోట్ల బిట్టులు. తీగమీద ప్రతి బైటును పది బిట్టులుగా మార్చి పంపుదురు గనుక ఇచ్చట పదితో భాగింపవలెను. 15 కోట్ల బైటులు వచ్చును.

ఈవిధముగా ఒకచోట భాగింపనే కూడదు. ఒకచోట ఎనిమిదితోను, మరియొకచోట పదితోను భాగింపవలెను. నేడు పాత టేపులను చదివి వానిలోని సమాచారమును కాపాడబూనినవారు కాగితముమీది అంకెను నమ్ముటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. బిట్టులు వరుసగా పోవుచున్నవా, ప్రక్కప్రక్కగా పోవుచున్నవా? వానిలో సమాచారము కానివి ఎన్ని? కిలో యనగా వేయియా, 1,024యా?

ఉపాధ్యాయులు ఈ క్రింది లెక్కను తరగతిలో చేయింపవచ్చును. “1.44 మెగాబైటులు” అని పేరుపడిన ఫ్లాపీకి రెండు ముఖములు, ముఖమునకు 80 జాడలు, జాడకు 18 ఖండములు, ఖండమునకు 512 బైటులు. మొత్తము 14,74,560 బైటులు. దీనిని పది లక్షలతో భాగించినను 1.44 రాదు, 1,024ను 1,024తో హెచ్చించి ఆ సంఖ్యతో భాగించినను రాదు. ఏ సంఖ్యతో భాగించిన వచ్చునో విద్యార్థులే కనుగొందురు గాక.