దేశం లెక్కల్లో ఇముడుతుందా?

ప్రయోగశాలలో లోలకాన్ని ఊపి చూసినట్లు ఒక దేశ ఆర్థిక వ్యవస్థను ఊపి చూడలేం. పన్ను పెంచితే ఏమవుతుందో తెలుసుకోవడానికి కోట్లమంది బతుకులతో ప్రయోగాలు చేయకూడదు కదా! అందుకే కొందరు శాస్త్రజ్ఞులు దేశానికి బదులు దాని నమూనాను కాగితం మీద నిర్మించారు. దీనినే స్థూల ఆర్థిక నమూనా అంటారు.

ఇందుకు 1936లో దారి వేసినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ టిన్‌బెర్గెన్. ఆయన చదివింది భౌతికశాస్త్రం. మహామాంద్యం రోజుల్లో నిరుద్యోగాన్ని తగ్గించే ఉపాయం వెతుకుతూ, తన దేశ ఆర్థిక వ్యవస్థను 24 సమీకరణాల్లో పెట్టాడు. ధరలు, వేతనాలు, ఎగుమతులు - వీటిలో ఒకటి మారితే మిగతావి ఎంత మారతాయో పాత గణాంకాల ఆధారంగా లెక్కగట్టాడు. 1949లో లండన్‌లో బిల్ ఫిలిప్స్ ఇలాంటి ఆలోచననే యంత్రంగా మలిచాడు. అందులో రంగునీరే ఆదాయం. పన్నులు, పొదుపు పక్క గొట్టాల్లోకి మళ్ళి, ఖర్చుగా, పెట్టుబడిగా తిరిగి వచ్చేవి.

ఇక మన దేశానికి వద్దాం. కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన పి.సి. మహలనోబిస్ కూడా భౌతికశాస్త్రం చదివినవాడే. 1953లో ఆయన రూపొందించిన నమూనా సారాంశం రైతుకు తెలిసిందే. పండిన వడ్లన్నీ తినేస్తే విత్తనం మిగలదు. విత్తనానికే మరీ ఎక్కువ దాస్తే ఈ ఏడు కడుపు మాడుతుంది. ఇక్కడ విత్తనం అంటే యంత్రాలను తయారుచేసే యంత్రాలు. 1955 నాటి ఆయన నాలుగు రంగాల నమూనా పెట్టుబడిలో మూడోవంతును వాటికి కేటాయించింది. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికకు ఆ ఆలోచనే పునాది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు వెలసింది ఆ కాలంలోనే.

అయితే ఆ సమీకరణాల్లో విదేశీ వ్యాపారానికి చోటు లేదు. యంత్రాలు మాత్రం విదేశాల నుంచే రావాలి! 1957 నాటికి విదేశీ మారకద్రవ్యానికి తీవ్రమైన కటకట ఏర్పడింది. ప్రజలకు ముందు కావలసింది తిండి, బట్ట అని వకీల్, బ్రహ్మానంద అనే ఆర్థికవేత్తలు 1956లోనే వాదించారు.

1976లో అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ లూకాస్ మరో లోపం ఎత్తిచూపాడు. తనను ఎవరో కొలుస్తున్నారని లోలకానికి తెలియదు. మనిషి అలా కాదు. ప్రభుత్వ విధానం మారితే తన నడత మార్చుకుంటాడు. అప్పుడు పాత గణాంకాలతో వేసిన లెక్క తప్పుతుంది. 2008 సంక్షోభం తర్వాత, బ్యాంకుల పతనాన్ని చాలా నమూనాలు లెక్కలోకే తీసుకోలేదన్న విమర్శ వచ్చింది.

అలాగని నమూనాలు వృథా అనుకోకండి. పటం లేకుండా అడవిలోకి వెళ్ళడం తెలివి కాదు. కానీ ఈసారి వృద్ధిరేటు అంచనా ఏదైనా పత్రికలో కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ లెక్కలో ఎవరిని వదిలేశారు?