మోటుపల్లి అభయ స్తంభం

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో, బంగాళాఖాతం తీరాన మోటుపల్లి అనే చిన్న ఊరుంది. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక రాతిస్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. గుడికి మాన్యమిచ్చినట్టో, చెరువు తవ్వించినట్టో చెప్పే శాసనాలు తెలుగునేల మీద కోకొల్లలు. ఇది మాత్రం ఓడవర్తకులకు రాజు ఇచ్చిన మాట. అందుకే దీన్ని అభయ శాసనమన్నారు.

ఆ అభయం వెనక పాత అన్యాయం ఒకటుంది. తుపానుకు దారితప్పిన ఓడ పరాయి తీరంలో పగిలిపోతే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ అక్కడి రాజులు లాగేసుకునేవారు. సముద్రం మింగగా మిగిలింది కూడా వర్తకుడికి దక్కేది కాదు. గణపతిదేవుడు ఆ ఆనవాయితీని మాన్పించాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవారి దగ్గర నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ప్రకటించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ఆ సుంకం ముప్పయ్యో వంతు.

గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పగడాలు, పట్టుదారం, మిరియాలు, వక్కలు. దేనికెంత కట్టాలో వరసగా చెక్కించారు. కొన్నింటికి విలువను బట్టి, వక్కలకు లెక్కను బట్టి. రేటు అందరి కళ్లెదుటా రాతి మీద ఉన్నాక, రేవులో సుంకం వసూలు చేసేవాడు ఇష్టమొచ్చినట్టు అడగడం కష్టం.

స్కాట్లండ్ పట్టణాల్లోనూ సంత జరుపుకునే హక్కుకు గుర్తుగా కూడలిలో రాతిస్తంభం నిలిపేవారు. రాజాజ్ఞలు దాని దగ్గరే చదివేవారు. ఎడిన్‌బరోలో 2022 సెప్టెంబరు 11న ఛార్లెస్ రాజయ్యాడన్న ప్రకటన చదివింది అలాంటి స్తంభం దగ్గరే. అక్కడ జనం చెవిన వేసిన మాటను మోటుపల్లిలో రాతిమీదే రాసిపెట్టారు.

ఈ రేవు పేరు దూరదేశాలకూ పాకింది. 13వ శతాబ్ది చివర్లో మార్కో పోలో ఈ రాజ్యాన్నే ‘ముత్‌ఫిలి’ అన్నాడు. ఇక్కడి వజ్రాలనూ, సాలెగూటి పోగులంత సన్నని బట్టలనూ, ఏలుతున్న రాణినీ మెచ్చుకున్నాడు.

1323లో కాకతీయ రాజ్యం కూలింది. మాట ఇచ్చిన రాజవంశమే లేకుండా పోయాక వర్తకులు మళ్లీ ఎవరిని నమ్మి రావాలి? 1358లో కొండవీటి అనవోతారెడ్డి మోటుపల్లిలోనే మరో శాసనం వేయించాడు. ఇక్కడ స్థిరపడదలచినవారికి భూమి ఇస్తామన్నాడు, వెళ్లిపోదలచినవారిని ఆపబోమన్నాడు.